మీదిది నీది, కిందిది నాది

తెలంగాణ వచ్చిన ఏడు రామచంద్రం చేతిలో ఉన్నవి ఇవి: హాలియాలో సాగర్ రోడ్డు మీద ఒక రేకుల షెడ్డు, అందులో ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ ట్రేలు, బావమరిదితో సగం పాలుకు కొన్న పాత డీసీఎం బండి, ఒక కన్ను, ఒక తోట.

షెడ్డు, ట్రేలు, బండి ఎవరికైనా ఉంటాయి. కన్ను మాత్రం అతని ఒక్కడిదే. బత్తాయి కాయ చెట్టు మీద ఉండగానే తోట మొత్తాన్ని గుత్తకు పట్టడం అతని వ్యాపారం. ఒక సాలు వెంట పోయి ఇంకో సాలు వెంట తిరిగి వచ్చేసరికి ఎన్ని టన్నులు దిగుతాయో నోటికొచ్చేది. కోసి తూకం వేస్తే తేడా గంపకు మించేది కాదు. "రామచంద్రం కన్ను కాదు, కాంటా" అనేవారు ఆ చుట్టుపక్కల.

తోట అతనిది కాదు, చోటే మియాది. కాలువ నీళ్ళు ఎక్కని మిట్ట మీద ఆరెకరాల ఎర్ర చెల్క. పేరుకు చోటే గానీ మనిషి తాటిచెట్టు. కొమ్మల కింద వంగి నడిచీ నడిచీ రోడ్డు మీద కూడా వంగే నడిచేవాడు. ఆ తోటను రామచంద్రం తన ఆస్తి కిందే లెక్క వేసుకునేవాడు. ఎందుకంటే చోటే మియా ఏ ఏడూ ఇంకో వ్యాపారిని గట్టు ఎక్కనివ్వలేదు. నల్లగొండ నుంచి వచ్చినవాళ్ళు టన్నుకు ఎక్కువ ఇస్తామన్నా "మా సేటు చూసిపోయిండు, అయిపోయింది" అనేవాడు. అడగకుండా గేటు తెరుచుకునే తోట ఒకటి ఉండటం వ్యాపారికి బ్యాంకులో పైకం ఉండటం కన్నా ఎక్కువ.

గుత్తకు ఆ మిట్ట మీద రాతకోతలు లేవు. బేరం కుదిరాక రైతు తన గట్టు మీద నిలబడి "మీదిది నీది, కిందిది నాది" అంటాడు. ఈ పంటకు చెట్టు మీదున్న కాయ వ్యాపారిది. చెట్టు, వేరు, భూమి రైతువి. వ్యాపారి "మీదిదే నాది" అంటాడు. ఇద్దరూ చిటికెడు చక్కెర నోట్లో వేసుకుంటారు. కోత అయ్యాక వ్యాపారి ఒక్క చెట్టు కాయ ముట్టకుండా వదిలిపోవాలి. దాన్ని ఇంటి చెట్టు అంటారు. చోటే మియా తోటలో ఇంటి చెట్టు బోరు పక్కనుండేది. దాన్ని ఎంచింది అతని భార్య అజీజా బేగం. తోటలో ఎక్కువ కాసే చెట్టునే ఎంచింది. "చెల్లె కన్ను నా కన్నును మించింది" అని రామచంద్రం ప్రతి ఏడూ నవ్వేవాడు, ప్రతి ఏడూ వదిలేవాడు.

తర్వాత రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. బోర్లలో గాలి వచ్చింది. ఎండుతెగులు పట్టి చెట్లు కొసల నుంచి మోడువారాయి. బతికిన చెట్లు కాసినా, అందరి కాయ ఒకేసారి మార్కెట్లో దిగి ధర నేలకు కొట్టుకునేది. చుట్టుపక్కల తోటలు ఒక్కొక్కటే పొక్లెయిన్ల కింద పడిపోయాయి. చోటే మియా తోటలో సగం చెట్లు పోయాయి, సగం మిగిలాయి. ఆ సగాన్నే రామచంద్రం గుత్తకు పడుతూ వచ్చాడు. ఇద్దరికీ పెద్దగా మిగిలేది కాదు. మిగలకున్నా చక్కెర నోట్లో పడేది.

కరోనా తగ్గిన తర్వాత పట్నం డబ్బుకు గాలి కావలసి వచ్చింది. సాగర్ రోడ్డు పొడుగునా వెంచర్లు లేచాయి. చింతపల్లి దాటినాక ఒకటి మిగతా వాటిలా కాకుండా, మధ్యలో గోల్ఫ్ మైదానం, చుట్టూ విల్లాలు అని బోర్డు పెట్టింది. పద్దెనిమిది గుంతల ఆట, సభ్యత్వం ఇన్ని లక్షలు అని కాగితాలు పంచారు. ప్రారంభం నాడు వచ్చినవాళ్ళకు బత్తాయి రసం పోయడానికి కాయలు కావాలంటే రామచంద్రం బండిలో వేసుకుని పోయాడు. అక్కడ కొనుగోళ్ళు చూసే మేనేజరు అమరేందర్ పరిచయమయ్యాడు. రామన్నపేట మనిషి, సూటు వేసుకున్నా మాట మాత్రం ఊరిదే.

"గీ గుంతల్ల బంతి ఏసుడుకు మనుషులు లక్షలు కడ్తరా సారూ?" అని రామచంద్రం అడిగాడు.

అమరేందర్ నవ్వాడు. "ఆడెటోళ్ళు ఎంతమంది సేటూ? చేతి వేళ్ళకు సరిపోతరు. ఆట మీద మాకు ఎప్పుడూ నష్టమే. నీళ్ళు, మందులు, కోత మిషన్లు, జీతాలు. లాభమంత కిటికీ మీద."

"కిటికీ మీదనా?"

"పొద్దుగాల లేచి కిటికీ తీస్తే పచ్చగ కనబడాలె. గట్ల కనబడే ప్లాటుకు గజం రేటు వేరే. ఎన్క లైన్ల ప్లాటుకు వేరే. ఆట నష్టం, కిటికీ లాభం. దేశమంత గిదే నడుస్తాంది."

రామచంద్రం ఆ మాటను దారి పొడుగునా నమిలాడు. ముప్పై ఏళ్ళుగా తను కాయ అమ్ముతున్నాడు. వీళ్ళు కాయ కనబడే జాగా అమ్ముతున్నారు. వ్యాపారమంటే ఇది అనుకున్నాడు. అమరేందర్ చివర్లో అన్న ఇంకో మాట కూడా మరచిపోలేదు. "మంచి బెర్ముడా గడ్డి దొరుకుతలేదు సేటూ. కర్నాటక నుంచి తెప్పిస్తే సగం దారిల ఎండుతాంది. దగ్గర్ల ఎవరన్న పెంచితే చదరపు అడుగు లెక్కన మొత్తం మేమే కొంటం."

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని వేళ్ళు మడిచాడు. గడ్డి ఏడాదికి రెండు మూడు సార్లు కోతకొస్తుంది. ఎకరానికి వచ్చే పైకం బత్తాయి కలలో కూడా ఇవ్వనంత.

"అన్నం సల్లారవట్టె. ఎవని తోట మింగుతున్నవు?" అంది భార్య యాదలక్ష్మి.

"మింగుడు గాదే, ఒడ్డుకేసుడు. మియాను ఒడ్డుకేస్త."

మరునాడే మిట్ట ఎక్కాడు. చోటే మియా బోరు దగ్గర పైపులు కడుగుతున్నాడు. అజీజా బేగం ఇంటి చెట్టు కింద మంచం వేసి చాయ్ తెచ్చింది. రామచంద్రం చెప్పవలసింది చెప్పాడు. నారు తనది, ఎరువు తనది, కోత కూలి తనది. మియా భూమి ఇస్తాడు, నీళ్ళు పెడతాడు. గుత్త పైకం ప్రతి కోతకు ముందే చేతిలో పెడతాడు.

"చెట్లు పీకాల్నా అన్నా?" అంది అజీజా బేగం.

"సగం చచ్చినయే గదా చెల్లె. మిగిలిన సగం చావుకు దగ్గరున్నయి."

"చావుకు దగ్గరున్నోళ్ళను మనం బొందల పెట్టం గదా."

చోటే మియా నవ్వలేదు. నేల వైపు చూస్తూ, "గడ్డి ఎన్నేండ్లు?" అన్నాడు.

"మూడేండ్లు చాలు. గా పైసలతోని నువ్వే కొత్త మొక్కలు పెట్టుకో. పాత చెట్లకు తెగులున్నది, భూమికి జర ఆరాం దొరుకుతది. మూడేండ్ల తర్వాత మళ్ళ బత్తాయే. మళ్ళ నేనే గుత్త పడ్త."

ఆ మాట చోటే మియాకు పట్టింది. అతనికి కావలసింది గడ్డీ కాదు, పైకమూ కాదు. కొడుకు ఫిరోజ్ పట్నంలో ఆటో నడిపి విసిగి ఇంటికొచ్చి, 'నేను తోట చేస్త అబ్బా' అంటున్నాడు. కొడుకు చేతికి తోట ఇవ్వాలి. చావు తోట కాదు, బతికే తోట. అందుకు కొత్త మొక్కలు కావాలి. మొక్కలకు పైకం కావాలి.

"మూడేండ్లే సేటూ. తర్వాత నా పోరనికి బత్తాయి పెట్టియ్యాలె."

"ఫికర్ చెయ్యకు."

అజీజా బేగం లేచి ఇంటి చెట్టు మొదలు మీద చెయ్యి పెట్టింది. "దీన్ని మాత్రం ముట్టద్దు. దీని చుట్టూత గడ్డి గూడ వద్దు."

"గుత్తల ఇంటి చెట్టు వదులుడు ఎప్పుడున్నదే గదా" అన్నాడు రామచంద్రం.

ఆమె లోపలికి పోయి చక్కెర తెచ్చింది. చోటే మియా గట్టు మీద నిలబడి, ఎప్పుడూ అన్నట్టే అన్నాడు. "మీదిది నీది, కిందిది నాది."

"మీదిదే నాది" అన్నాడు రామచంద్రం.

గడ్డి బాగా పట్టింది. ఎర్ర చెల్క మీద పచ్చటి దుప్పటి కప్పినట్టు, దారిన పోయేవాళ్ళు బండ్లు ఆపి చూసేవారు. కోతకు కల్వకుర్తి వైపు నుంచి పాలమూరు కూలీల ముఠాను పిలిపించాడు. ముఠా పెద్ద జంగమ్మ. కోత అంటే కొడవలితో కాదు. గడ్డిని పారతో చదరాలుగా గీసి, వేళ్ళతో సహా, వేళ్ళు పట్టుకున్న మట్టితో సహా పలకలుగా లేపాలి. మట్టి లేకుంటే వేరు ఆరి దారిలోనే చస్తుంది. రెండు వేళ్ళ మందం మట్టి ఉండాలని కంపెనీ షరతు. పలచగా వచ్చిన పలకను అమరేందర్ వెనక్కి పంపేవాడు. అందుకని రామచంద్రం గట్టు మీద నిలబడి, "లోతుకు పట్టుండ్రి, లోతుకు!" అని కేకలు వేసేవాడు.

"ఓ సేటూ, గడ్డి అమ్ముతున్నవా భూమి అమ్ముతున్నవా?" అని జంగమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని అరిచింది. ముఠా అంతా నవ్వింది.

"నీ కూలి పోకుండ చూస్కో ముందుగాల" అన్నాడు రామచంద్రం. మళ్ళీ నవ్వారు.

అది నవ్వులో పోయింది. కానీ రామచంద్రానికి తెలియక కాదు. లారీ నిండగానే హాలియా దగ్గర కాంటాకు తీసుకుపోయేవాడు, కిరాయి టన్ను లెక్కన కనుక. బత్తాయి తూచినట్టే ఇదీ తూచాడు. గడ్డి బరువెంత? పిడికెడు. మిగతాదంతా ఏమిటో కాంటా మనిషిని అడిగినా చెబుతాడు. ఆ బరువు మీద డ్రైవరుతో గంటసేపు బేరమాడి కిరాయి తగ్గించుకున్నాడు. మట్టిని ఖర్చు కింద రాసుకున్నాడు, తన ఖర్చు కింద. ఇంకొకరి ఖాతాలో అది ఏమవుతుందో అన్న లెక్క ఆ రోజూ వేయలేదు, ఆ తర్వాతా వేయలేదు. కాయ కోసుకుపోతే చెట్టుకు ఏమీ కాదు; అతనికి వచ్చిన లెక్క అదొక్కటే. దాన్నే గడ్డికీ వేశాడు.

పైకం మాత్రం అబద్ధం కాదు. కోత కోతకూ చోటే మియా చేతిలో పడింది. ఇంటి పైకప్పు మారింది. బిడ్డ మెహ్రీన్ నర్సింగ్ కాలేజీలో చేరింది. ఫిరోజ్ గడ్డికి నీళ్ళు పెడుతూ, మొక్కలు ఏ నర్సరీలో మంచివో అడిగి తెలుసుకుంటూ తిరిగాడు. రామచంద్రం షెడ్డు రేకులు విప్పి స్లాబు వేశాడు. బావమరిది సగం పాలు కొనేసి, డీసీఎం అమ్మేసి లారీ తీసుకున్నాడు. కంపెనీ ఒక కోత బిల్లుకు బదులు మైదానం ఎదురుగా ప్లాటు ఇస్తానంటే, కిటికీ లెక్క తెలిసినవాడు కాబట్టి కళ్ళు మూసుకుని ఒప్పుకున్నాడు.

రెండో ఏడు అమరేందర్ నుంచి ఫోను వచ్చింది. "సేటూ, నీ గడ్డిల కలుపు వస్తాంది. బిల్లుల పట్టుకుంటం."

అప్పుడు చోటే మియా కూడా పక్కనే ఉన్నాడు. "నా గడ్డి యాడ పరిచిండ్రో ఒకసారి చూపియ్యి సేటూ. ఆడెటోళ్ళను గూడ చూస్త" అని లారీ ఎక్కి కూర్చున్నాడు.

మైదానంలో ఇద్దరు ముగ్గురు టోపీలవాళ్ళు చిన్న బండిలో తిరుగుతున్నారు. చోటే మియా గడ్డి మీద అడుగు పెట్టగానే కాపలా మనిషి ఈల వేశాడు. "పెద్దాయనా, గడ్డి మీదికెళ్ళి దిగు!"

"దీన్ని నా చేతులతోని పెంచిన బిడ్డా. తొక్కితే దీనికేం గాదు" అన్నాడు చోటే మియా. అయినా దిగి, అంచున గొంతుక్కూర్చుని అరచేత్తో నిమిరాడు.

కలుపు ఎక్కడా అని చూస్తే, గడ్డి మధ్యలో అక్కడొకటి అక్కడొకటి చిన్న మొలకలు. రెండు మూడు ఆకులు, ఆకు పక్కన సన్న ముల్లు. తోటమాలి ఒక్కొక్కటే పీకి బకెట్లో వేస్తున్నాడు. చోటే మియా బకెట్లోంచి ఒకటి తీసి ఆకు నలిపి వాసన చూశాడు. రామచంద్రానికి ఇచ్చాడు. వాసన చూడనక్కర లేదు. ఎన్నో ఏళ్ళు చెట్ల కింద రాలి కుళ్ళిన కాయల గింజలు మట్టిలో ఉండిపోయి, మట్టితో లారీ ఎక్కి, ఇక్కడ నీళ్ళు తగలగానే మొలిచాయి.

"నా తోట గిక్కడికి నడిచొచ్చింది సేటూ" అన్నాడు చోటే మియా. నవ్వుతూనే అన్నాడు. హాలియా దగ్గర దిగేటప్పుడు మాత్రం నవ్వకుండా, "ఇంక ఎన్ని కోతలు?" అని అడిగాడు.

"ఇంకొక్క ఏడు గదా" అన్నాడు రామచంద్రం. ఆపుతానని అనలేదు. అనవలసిన చోటు అదేనని అతనికి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, కలుపుకు బిల్లులో ఎంత పట్టుకుంటారో అదొక్కటే బుర్రలో తిరుగుతోంది.

మూడో ఏడు ఎండాకాలం కంపెనీ చెరువు అడుగు కనబడింది. ట్యాంకర్లతో మైదానం తడపడానికి నెలనెలా కుప్పలు ఖర్చు. ప్లాట్లేమో అప్పటికే అమ్ముడుపోయాయి. అమ్ముడుపోయాక కిటికీకి పచ్చదనం చూపే అవసరం కంపెనీకి లేదు. పద్దెనిమిది గుంతల్లో తొమ్మిది చాలన్నారు. మిగతా సగం మీద గడ్డిని బుల్డోజరుతో గీకి విల్లాలకు ముగ్గు పోశారు. ఒక మూల ఎత్తయిన వల కట్టి, ప్లాస్టిక్ గడ్డి పరిచి, దీపాల కింద రాత్రిళ్ళు బంతులు కొట్టే చోటు పెట్టారు. మనుషులు అక్కడికే ఎక్కువ వచ్చారు. గంటకు ఇంత అని కట్టి, బకెట్టు బంతులు కొట్టి పోవడం. పట్నంలోనైతే గదిలో తెర ముందు నిలబడి కొడుతున్నారట, ఎండా లేదు, గడ్డీ లేదు. "ఇప్పుడు గిదే నడుస్తాంది సేటూ" అన్నాడు అమరేందర్, కిటికీ సంగతి చెప్పిన గొంతుతోనే. రామచంద్రం ప్లాటు కిటికీకి ఇక వల కనబడుతుంది.

గడ్డి ఆర్డరు ఆగింది. ఆగడమూ మంచిదే, మూడేళ్ళు అయ్యాయి అనుకున్నాడు. ఆఖరి కోత ఎత్తేశాక చోటే మియాకు భూమి అప్పజెప్పాడు. ఫిరోజ్ నర్సరీ నుంచి మొక్కలు తెచ్చాడు. రామచంద్రం ఒక పూట తనే మొక్కల బండి తోలి, తన వంతు అని లడ్డూలు పంచాడు.

మూడు నెలలకు ఫిరోజ్ షాపుకొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "మామా, ఒకసారి రా."

గేటు తెరిచి లోపలికి పోగానే రామచంద్రం నిలబడిపోయాడు. మొక్కలు పసుపు రంగుకు తిరిగి, ఆకు దులిపేసి, పుల్లల్లా ఉన్నాయి. ఫిరోజ్ పలుగు తీసి ఒక మొక్క పక్కన వేశాడు. జానెడు కూడా దిగకుండా పలుగు టంగుమంది. మొరం. బూడిద రంగు గవ్వల్లాంటి మొరం. "యాడ తవ్వినా గిట్లనే మామా. వేరుకు పోయే తొవ్వ లేదు. నీళ్ళు పెడితే నిలుస్తలేవు, మొక్క కాల్తాంది."

కానీ రామచంద్రం చూస్తున్నది పలుగును కాదు. బోరు పక్కన ఇంటి చెట్టును చూస్తున్నాడు. అజీజా బేగం ముట్టనివ్వని ఆ చెట్టు ఏపుగా, నిండా కాయతో ఉంది. అది ఒక దిబ్బ మీద ఉంది. చెట్టు చుట్టూ గుండ్రంగా పాత మట్టి, అరుగులా, మోకాలి కింది దాకా ఎత్తు. ఆ అరుగు మీది నుంచి దిగితే మిగతా భూమి. మూడేళ్ళలో భూమి దిగిపోయింది, చెట్టు ఉన్నచోటే ఉంది. రోజూ చూసేవాళ్ళకు తెలియలేదు. సాలు వెంట నడిచి టన్నులు చెప్పే కన్నుకు అది ఒక్క చూపులో తెలిసింది. ఎన్ని లారీలో, ఏ కాంటా దగ్గర ఎంత తూగిందో, అన్నీ వరసగా గుర్తుకొచ్చాయి.

చోటే మియా అరుగు అంచున కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. కాళ్ళు కిందికి చాపుకున్నాడు, కొడుకు మొక్కలకు తవ్విన గుంతల వైపు.

"చెరువు మట్టి కొట్టిస్త మియా. ఎన్ని లారీలైనా సరే, నా ఖర్చు" అన్నాడు రామచంద్రం.

"నల్ల మట్టికి బత్తాయి వేరు కుళ్ళుతది. నాకన్న నీకే ఎర్క."

"అయితే ఎర్ర మట్టే తెప్పిస్త."

"యాడికెళ్ళి? ఇంకొకని చెల్క గీకి నాది నింపుతవా సేటూ?"

మరునాడు రామచంద్రం చింతపల్లి పోయాడు. గీకి పారేసిన తొమ్మిది గుంతల మట్టి ఎక్కడ పోశారని అమరేందర్‌ను అడిగాడు. కొంటాను, లారీ నాదే అన్నాడు. అమరేందర్ అతని మొహం చూసి ఈసారి నవ్వలేదు. "రోడ్లకు అడుగున పోసినం సేటూ. మీద సిమెంటు పడ్డది" అన్నాడు. రామచంద్రం ఆ రోడ్డు మీదుగానే తిరిగి వచ్చాడు.

ఇంటికొచ్చి యాదలక్ష్మికి చెప్పాడు. ఆమె అడిగింది ఒక్కటే. "నువ్వు మోసం చేసినవని మియా అన్నడా?"

"అనలే."

"అంటే బాగుండు" అంది.

బత్తాయి రోజుల్లో ఒకనాడు చోటే మియా ఫోను చేశాడు. "సేటూ, గుత్త చూడ రా."

"ఏ తోట?"

"నాదే."

వెళ్ళేసరికి అజీజా బేగం పళ్ళెంలో చక్కెర పెట్టుకుని నిలబడి ఉంది. మొక్కలన్నీ పీకేశారు. జానెడు మట్టిలో బతికే గడ్డిజొన్న చల్లారు. ఫిరోజ్ నాలుగు మేకలను దానిలో కట్టేశాడు. ఆటోకు మళ్ళీ పోతున్నానని చెప్పాడు, మొహం చూడకుండా.

"ఇంటి చెట్టుకు గుత్త ఉండదు మియా" అన్నాడు రామచంద్రం.

"ఇప్పుడు నా తోట గిదే. చూడు, చెప్పు."

రామచంద్రం చెట్టు చుట్టూ తిరిగాడు. అరుగు ఎక్కడానికి చెయ్యి ఆనించాల్సి వచ్చింది. కొమ్మలు చూసి, ఒక ధర చెప్పాడు.

చోటే మియా బీడీ పారేసి నవ్వాడు. "కన్ను దప్పింది సేటూ నీకు. ఇన్నేండ్లల్ల ఎన్నడు దప్పలే. గన్ని కాయలు యాడున్నయి? ఖైరాత్ వద్దు, రేటు చెప్పు."

రామచంద్రం తల వంచుకుని అసలు ధర చెప్పాడు. సరిగ్గా అంతే. చోటే మియా ఒప్పుకుని అరుగు మీద నిలబడ్డాడు. ఆ ఎత్తున అతను ఇంకా పొడుగ్గా కనబడ్డాడు.

"మీదిది నీది, కిందిది నాది" అన్నాడు. ఆగి, మళ్ళీ అన్నాడు, "మట్టి ముట్టద్దు."

అజీజా బేగం తల తిప్పుకుంది. రామచంద్రం "మీదిదే నాది" అన్నాడు. చక్కెర నోట్లో వేసుకున్నాడు. కరగడానికి చాలాసేపు పట్టింది.

ఆ మాట గట్టు దాటి పోయింది. ఎవరు మోశారో తెలియదు. మేకలవాళ్ళో, మందుల షాపులో కూర్చునేవాళ్ళో. మరుసటి ఏడు రామచంద్రం మిట్ట మీద మిగిలిన తోటలకు గుత్తకు పోతే, రైతులు చక్కెర పట్టుకుని మూడు మాటలు అన్నారు. గడ్డి సంగతి లేని తోటల్లో కూడా, బత్తాయికి తప్ప దేనికీ రాని తోటల్లో కూడా. "మీదిది నీది, కిందిది నాది, మట్టి ముట్టద్దు." కొత్త వ్యాపారులకు కూడా అట్లాగే చెబుతున్నారట. ఎందుకని వాళ్ళు అడిగితే, "మా దిక్కు రివాజు" అంటున్నారట.

ఇప్పుడు రామచంద్రం చేతిలో ఉన్నవి ఇవి: రెండంతస్తుల దుకాణం, సొంత లారీ, వలకు ఎదురుగా ఒక ప్లాటు, అడిగితే గానీ గేటు తెరుచుకోని తోటలు కొన్ని. పాత గుత్త మాటకు ఒక ముక్క అతని వల్ల కలిసింది. అది మాత్రం పూర్తిగా అతని సంపాదనే.